కారణం రాసివ్వమనండి

“సార్, మీ క్లెయిమ్‌కి అప్రూవల్ వచ్చింది. కాకపోతే సర్వేయర్ గారు బంపర్ ఒక్కటే ఒప్పుకున్నారు. మిగతా డిఫరెన్స్ అమౌంట్ మీరే కట్టుకోవాలి.”

కారును షెడ్డులో వదిలివచ్చిన చాలామందికి వివాదం సర్వీస్ అడ్వైజర్ చేసే ఈ ఫోన్‌తోనే మొదలవుతుంది. కొందరు అక్కడికక్కడే గొంతు పెంచుతారు. కొందరు ఆ బీమా కంపెనీలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని వాకబు చేస్తారు. ఎక్కువమంది మాత్రం కారు లేకుండా ఇంకో వారం గడవదని కార్డు గీకి ఇంటికి వచ్చేస్తారు. ఆ చేదు మాత్రం పాలసీ రెన్యువల్ దాకా పోదు.

ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఆ ఫోన్ వచ్చినప్పుడు మొదట కారణం అడగండి. దాన్ని రాసివ్వమనండి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

సర్వీస్ అడ్వైజర్ మీద అరవడంలో న్యాయం లేదు. ఆయన బీమా కంపెనీ మనిషి కాడు, నిర్ణయం ఆయనది కాదు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చెప్పినదాంట్లో ఆయనకు అర్థమైన ముక్క మీకు చెబుతున్నాడు, అంతే. ఆ ముక్క విని కోపం తెచ్చుకుంటే అసలు ఏం తగ్గించారో, ఎందుకు తగ్గించారో తెలుసుకోకుండానే మన శక్తి అయిపోతుంది. “సరేనండీ, అసెస్‌మెంట్ షీట్ నాకు వాట్సాప్ చేయండి, చూసి చెబుతాను” అనండి. ఒక పూట ఆగండి.

ఆ షీట్ చేతికి వచ్చాక చూడాల్సిన మొదటి సంగతి, తగ్గించిన ప్రతి రూపాయీ అన్యాయం కాదని. పాలసీలోనే రాసి ఉన్న కోతలు కొన్ని ఉంటాయి. తరుగు కోత లేకుండా చేసే ‘జీరో డెప్’ యాడాన్ (అదనపు కవర్) తీసుకోని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం కోస్తారు. అద్దాలకు కోత లేదు. మిగతా భాగాలకు కారు వయసే లెక్క: ఆరు నెలల లోపు ఏమీ తగ్గించరు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం తీసేస్తారు. ఆఖరున తప్పనిసరి మినహాయింపు ఉంటుంది: 1500 సీసీ లోపు కారుకు రూ.1,000, అంతకు మించితే రూ.2,000.

ఒక లెక్క వేద్దాం. మూడున్నరేళ్ల చిన్న కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మలుపు తిప్పుతుండగా పిల్లర్‌ను గీసుకుంది. బంపర్ రూ.6,000, ఫెండర్ రూ.4,000, పెయింటింగ్ రూ.8,000, లేబర్ రూ.2,000, మొత్తం రూ.20,000. పన్నులు పక్కన పెడదాం. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి రూ.3,000 వస్తుంది. ఫెండర్‌లో పావు వంతు పోయి రూ.3,000. పెయింటింగ్‌లో రూ.1,000 పోయి రూ.7,000. లేబర్ పూర్తిగా రూ.2,000. మొత్తం రూ.15,000 లోంచి మినహాయింపు పోతే చేతికొచ్చేది రూ.14,000. మిగతా ఆరు వేల గురించి ఎవరితోనూ పోట్లాడే పని లేదు, అది మీరు సంతకం పెట్టిన ఒప్పందమే.

ఇక ఆ రూ.14,000 కూడా తీసుకోవాలా అన్నది వేరే లెక్క. ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు సొంత డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఏటా 20, 25, 35, 45 శాతం చొప్పున పెరుగుతూ ఐదో ఏడాదికి 50కి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు వచ్చేస్తుంది. మీ సొంత డ్యామేజీ ప్రీమియం తగ్గింపుకు ముందు రూ.12,000 అనుకోండి. 50 శాతం తగ్గింపుతో మీరిప్పుడు రూ.6,000 కడుతున్నారు. ఈ క్లెయిమ్ తీసుకుంటే వచ్చే ఏడాది నుంచి వరుసగా 12,000, 9,600, 9,000, 7,800, 6,600 కట్టి, ఆ తర్వాతే మళ్లీ 6,000కు చేరతారు. ఐదేళ్లలో అదనంగా కట్టేది రూ.15,000. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ కొంత దిగుతుంది కనుక అసలు అంకె ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. ఎన్‌సీబీకి రక్షణ ఇచ్చే యాడాన్ ఉంటే లెక్కే మారిపోతుంది. అయినా ఈ కూడిక వేయకుండా క్లెయిమ్ నంబర్ వేయించుకున్నవాళ్లు, తమకు మిగలని డబ్బు కోసం నిద్ర పాడుచేసుకుంటుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీది అలాంటి కేసని తేలితే, డబ్బు చెల్లించకముందే క్లెయిమ్‌ను ఉపసంహరించుకుంటున్నానని ఈమెయిల్ పెట్టండి. ఎన్‌సీబీ చెక్కుచెదరదని వాళ్ల నుంచి జవాబు తెప్పించుకోండి.

ఇవన్నీ దాటుకుని వచ్చినదే అసలు వివాదం. అది రెండు రకాలు. “ఇస్తాం గానీ ఇంతే ఇస్తాం” అనేది ఒకటి, “అసలు ఇవ్వం” అనేది ఇంకొకటి. మొదటిది లెక్కల గొడవ, అసెస్‌మెంట్ షీట్‌తో, బిల్లులతో తేలుతుంది. రెండోదానికి పాలసీ పుస్తకం తెరవాలి. చాలామంది రెంటినీ కలిపి ఒకే పొడవాటి ఉత్తరం రాస్తారు, అందులో పదేళ్లుగా ప్రీమియం కట్టిన సంగతీ కాల్ సెంటర్‌లో అరగంట నిలబెట్టిన సంగతీ చేరుస్తారు. చదివే అధికారికి ఏ ప్రశ్నకు జవాబివ్వాలో తెలియదు.

రాతలో కారణం ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. నోటితో చెప్పిన కారణం రేపటికి మారుతుంది. ఇవాళ “పాత డ్యామేజీ” అన్నది రేపు “ఆలస్యంగా చెప్పారు” అవుతుంది, ఎల్లుండి “లైసెన్సు కాపీ సరిగా లేదు” అవుతుంది. రాసిచ్చిన కారణం అక్కడే కట్టుబడి ఉంటుంది. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కొత్తగా ఎత్తుకోవడానికి వీల్లేదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంటే ఆ లేఖ మీకు ఎంత అవసరమో వాళ్లకు అంత బంధనం. అలాగే “సర్వేయర్ రిపోర్టే ఫైనల్ సార్” అనే మాట విని వెనక్కి రావద్దు. బీమా చట్టం 1938లోని 64యూఎం సెక్షన్ సర్వేయర్‌కు పెద్ద పాత్ర ఇచ్చిన మాట నిజం. ఇప్పటి నిబంధనల్లో మోటారు నష్టం రూ.50,000 దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాల్సిందే. కానీ ఆ నివేదికే తుది మాట కాదనీ, తగిన కారణాలుంటే దాన్ని పక్కన పెట్టవచ్చనీ న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది.

కాబట్టి మొదటి ఉత్తరం ఇంత చిన్నగా ఉండాలి:

“నా పాలసీ నంబరు ఇది, క్లెయిమ్ నంబరు ఇది. ఫలానా తేదీ సంఘటనలో ఎడమ హెడ్‌లైట్‌కు అప్రూవల్ ఇవ్వలేదని వర్క్‌షాప్ వారు నోటిమాటగా చెప్పారు. పాలసీలోని ఏ షరతు లేదా మినహాయింపు కింద దీన్ని నిరాకరించారో తెలియజేయగలరు. సర్వే నివేదిక, సర్వేయర్ తీసిన ఫొటోల ప్రతులు పంపగలరు. మీ జవాబు వచ్చేవరకు ఈ మొత్తంపై నా హక్కును వదులుకోవడం లేదు.”

ఇందులో ఒక్క విశేషణం లేదు చూడండి. ‘మోసం’, ‘దోపిడీ’ లాంటి మాటలు రాస్తే రాసినవారికి కాస్త ఊరట కలుగుతుందేమో గానీ, ఎదుటివాళ్లకు అసలు ప్రశ్న తప్పించుకునే వీలు దొరుకుతుంది. మర్యాదగా, గట్టిగా, ఒకే ప్రశ్న.

ఇప్పుడు కాస్త చిక్కుగా ఉండే ఒక సందర్భం చూద్దాం. మన రోడ్ల మీద ఇది తరచూ జరిగేదే, చిన్న దెబ్బ పెద్ద బిల్లుగా మారేదీ ఇక్కడే.

తెనాలి నుంచి పల్లెదారిన గుంటూరు వస్తున్న ఒక లెక్చరర్ గారిని ఊహించుకోండి. గుంత తప్పించబోతే కారు అడుగున రాయి తగిలింది. దిగి చూశారు, బయటికి ఏమీ కనబడలేదు, బయలుదేరారు. కాసేపటికి డాష్‌బోర్డు మీద ఎర్రగా ఆయిల్ లైటు వెలిగింది. ఊరు దగ్గరే కదా, మెకానిక్ దాకా పోనిద్దాం అనుకున్నారు. మెకానిక్ షెడ్డు ఇంకా కొంత దూరం ఉండగానే ఇంజన్ పట్టేసింది. ఆయిల్ చాంబర్ పగిలి ఆయిలంతా దారిలోనే కారిపోయింది. చాంబర్‌కు అయ్యేది వేలల్లో, ఇంజన్‌కు లక్ష పైచిలుకు. కంపెనీ చాంబర్‌కు ఒప్పుకుంది, ఇంజన్‌కు లేదంది.

లెక్చరర్ గారి బాధ అర్థమవుతుంది. రాయి తగలకపోతే ఇంజన్ పోయేది కాదు కదా! కానీ పాలసీలో రెండు వాక్యాలు ఆయనకు అడ్డు నిలుస్తాయి. ప్రమాదం వల్ల నేరుగా కాక దాని పర్యవసానంగా కలిగిన నష్టాన్నీ యాంత్రిక వైఫల్యాన్నీ మినహాయించేది ఒకటి. రెండోది ఇంకా సూటిగా ఉంటుంది: ప్రమాదం తర్వాత అవసరమైన మరమ్మతు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదే.

ఇలాంటి కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. లైటు వెలిగాక బండి ఆపారా, నడిపారా? వెలిగిన వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేసి ఉంటే, అప్పటికే జరిగిన నష్టం రాయి దెబ్బ నుంచి తెగకుండా వచ్చిందేనని వాదించడానికి చోటుంది. దెబ్బ తగిలిన సంగతి బయటికి కనబడనప్పుడు, హెచ్చరిక రానప్పుడు, ఏ జాగ్రత్త గల డ్రైవరైనా అంతే దూరం నడిపేవాడని రాయవచ్చు. దానికి రుజువులు కావాలి: ఆగిన చోటనే తీసిన ఫొటో, రోడ్డు మీద ఆయిల్ చార, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు చేసిన కాల్ సమయం, టోయింగ్ బిల్లు మీది స్థలం, వర్క్‌షాప్ జాబ్‌కార్డులో మెకానిక్ రాసిన మొదటి మాట. ఆ జాబ్‌కార్డు మీద సంతకం పెట్టేముందు చదవండి. “కస్టమర్ లైటు వెలిగాక నడిపారు” అని ఎవరో యథాలాపంగా రాసిన వాక్యం తర్వాత మీ కేసంతటినీ మింగేస్తుంది. నిజం కాకపోతే అప్పుడే దిద్దించండి.

లైటు చూసి కూడా నడిపి ఉంటే, ఆ ఇంజన్ డబ్బు కోసం ఏడాది తిరగవద్దని నా సలహా. చాంబర్ డబ్బు పూర్తిగా వచ్చిందా, టోయింగ్ ఖర్చు ఇచ్చారా (మామూలు ప్రైవేటు కారు పాలసీలో ఒక ప్రమాదానికి రూ.1,500 వరకు ఉంటుంది) చూసుకుని ముగించండి. ఒక్కటి మాత్రం మరచిపోవద్దు. ‘ఇంజన్ ప్రొటెక్ట్’ యాడాన్ ఉందేమో వెతకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఈ యాడాన్ పేరు చాలామంది చెవిన పడింది, దాంతో అది నీళ్లలో మునిగిన బండ్లకేనన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. చాలా కంపెనీల పదాల్లో అడుగుభాగం దెబ్బతిని ఆయిల్ కారిపోయిన సందర్భమూ ఉంటుంది. తన దగ్గరున్న హక్కు తెలియక వదులుకునేవాళ్లను చూస్తే నాకు పాలసీ చదవడం బడిలోనే నేర్పించాలనిపిస్తుంది.

క్లెయిమ్ ఫారంలో రాసే కథనం గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. షెడ్డులో ఎవరో ఒకరు, మంచి చేస్తున్నాననుకునే, “సార్, ఆవు అడ్డొచ్చిందని రాద్దాం, ఈజీగా పాసవుతుంది” అంటారు. వద్దు. పిల్లర్‌కు రాసుకున్న గీతకూ జంతువు తగిలిన సొట్టకూ తేడా సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. రంగు మరక ఏ ఎత్తులో ఉందో, రేకు ఏ వైపు మడత పడిందో ఆయన రోజూ చూసే పని. “నష్టం, చెప్పిన కారణంతో సరిపోలడం లేదు” అని రిపోర్టులో పడిందంటే, న్యాయంగా రావాల్సిన పద్నాలుగు వేలు కూడా పోతాయి. మీరు నిజమే చెప్పారని తర్వాత ఏ గడప తొక్కినా నమ్మించలేరు. సెల్లార్‌లో మీ చేతి పొరపాటున తగిలినా సొంత డ్యామేజీ పాలసీ వర్తిస్తుంది. అందుకోసమే అది తీసుకున్నారు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వడమూ ఇంతే ప్రమాదం. రెండు నిమిషాలు కూర్చుని మీ చేత్తో రాయండి.

ముందు బంపర్ ఒక రోజు, వెనక తలుపు ఇంకో రోజు దెబ్బతింటే రెండూ ఒకే క్లెయిమ్‌లో పెట్టడం కూడా అలాంటిదే. అవి రెండు సంఘటనలు, రెండు క్లెయిమ్‌లు, రెండు మినహాయింపులు. సర్వేయర్ వాటిని విడదీస్తే ఆయన తప్పేమీ లేదు.

రోడ్డు మీద ఎదుటి బండివాడితో రాజీ సంగతి. గుమిగూడినవాళ్లు “ఇచ్చి పంపించేయండి సార్” అంటారు. కంపెనీ రాతపూర్వక సమ్మతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తాననడం పాలసీ షరతులకు విరుద్ధం. ఎవరికైనా దెబ్బలు తగిలితే ముందు ఆస్పత్రి, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం పోలీసులకూ బీమా కంపెనీకీ వివరాలు ఇవ్వాలి.

సర్వేయర్ బండి చూసేటప్పుడు వీలైతే మీరు అక్కడ ఉండండి. వాదించడానికి కాదు, ఎలా తగిలిందో చూపించడానికి. “ఏవండీ, హెడ్‌లైట్ లోపలి క్లిప్పు కూడా విరిగింది, బంపర్ విప్పాక ఒకసారి చూస్తారా?” అని ఆ పూట అడిగితే ఆయన ఫొటో తీసుకుంటారు. ఆ ఒక్క ఫొటో నెల తర్వాత రాసే ఐదు ఉత్తరాలను తప్పిస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ల ప్రకారం సర్వేయర్‌ను 24 గంటల్లో నియమించాలి, నివేదిక 15 రోజుల్లో రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు. ఈ గడువులు తెలిసిన మనిషి తేదీలు రాసుకుని ఉత్తరం రాస్తాడు, జవాబు కూడా త్వరగా వస్తుంది.

జవాబు వచ్చినా ఒప్పుదల కాకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఐఆర్‌డీఏఐ నడిపే ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల గడిచినా పరిష్కారం లేకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోతే, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో, లక్డీకాపూల్ దగ్గర ఉంది. ఫీజు లేదు. లాయర్లకు ప్రవేశం లేదు, ఇది నాకు ఎంతో నచ్చే నియమం. ఆ గదిలో కంపెనీ ప్రతినిధి ఎదురుగా మీరే మాట్లాడతారు. రూ.50 లక్షల వరకు వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, అదే విషయం అప్పటికే కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో ఉండకూడదు. తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, 30 రోజుల్లో అమలు చేయాలి. మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ రెండేళ్ల గడువు ఉంది, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, చెల్లించిన ప్రీమియం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.

అంబుడ్స్‌మన్ ముందు మాట్లాడేందుకు ఎక్కువ సమయం దొరుకుతుందని అనుకోవద్దు. ఇంట్లో ఒకసారి బయటికి చెప్పుకుని వెళ్లండి: ఏ రోజు ఏం జరిగింది, కంపెనీ ఏ కారణం రాసింది, ఆ కారణం ఎందుకు నిలవదు, ఎంత రావాలి. తేదీ వరసలో నంబర్లు వేసిన కాగితాలు చేతిలో ఉండాలి. భయం వేస్తే వేయనివ్వండి. కాగితం చూసి చదివినా ఎవరూ తప్పు పట్టరు.

ఈలోగా కారును షెడ్డులోనే వదిలేసి పంతానికి పోకండి. రోజులు గడిచేకొద్దీ పార్కింగ్ ఛార్జీలంటారు, బ్యాటరీ దిగిపోతుంది, పిల్లల్ని బడికి దించడానికి మీరు ఆటోల వెంట పడతారు. డిఫరెన్స్ కట్టి బండి తెచ్చుకోండి, కానీ రసీదు తీసుకోండి. కంపెనీ ‘ఫుల్ అండ్ ఫైనల్’ వోచర్ మీద సంతకం అడిగితే “అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా మొత్తంపై నా హక్కు నిలిచి ఉంది” అని సంతకం పైనే రాయండి. అది రాయనివ్వకపోతే ఆ రోజే ఈమెయిల్‌లో ఆ సంగతి పెట్టండి. వోచర్ మీద సంతకం ఉన్నంత మాత్రాన హక్కు పోదనీ, మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్నదని చూపగలిగితే వినాలనీ అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. ఒత్తిడి జరిగిందని చూపించే భారం మాత్రం మీదే, ఆ పూట రాసిన ఈమెయిల్ అప్పుడు పనికొస్తుంది. షెడ్డువాళ్లు విప్పిన పాత చాంబర్‌ను, విరిగిన హెడ్‌లైట్‌ను తుక్కులో వేసేయకుండా చూడండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కంపెనీ సాల్వేజ్ కింద తీసుకుంటానంటే, తీసుకున్నట్టు రాయించుకుని ఇవ్వండి. లేదంటే విచారణ తేదీ వచ్చేదాకా ఒక గోనెసంచిలో కట్టి, క్లెయిమ్ నంబరు రాసిన చీటీ తగిలించి, ఇంట్లోనే ఉంచండి.